మూడో గేరులో మామగారు

పళ్ళ డాక్టరు కారులో మూడో గేరు మళ్ళీ విరిగింది. ఈసారి పట్టపగలు, కూరగాయల దుకాణం ముందు. టప్పుమని ఒక చప్పుడు, ఆ వెంటనే ఎవరో గులకరాళ్ళు నములుతున్నట్టు రొద, ఇక ఆ పైన ఎంత తొక్కినా కారు హుంకరించడమే తప్ప అంగుళం కదల్లేదు.

తప్పు కారుది కాదు. బుద్ధిగా తన పని తాను చేసుకునే పాత కారును కొని, దాని ఒంట్లో ఆరువందల గుర్రాల బలమున్న ఇంజను పెట్టించింది డాక్టరే. గేర్‌బాక్సు మాత్రం పాతదే ఉంచాడు. మూడో గేరులో కాలు నొక్కితే చాలు, ఆ బలమంతా ఒక్కసారిగా వచ్చి గేరు చక్రానికున్న చిన్న పళ్ళ మీద పడేది. రాలిన పళ్ళను ఆయన క్లినిక్‌కి తీసుకెళ్ళి, ట్రేలో పెట్టి, లైటు కింద తిప్పి తిప్పి చూసి, "వేరుతో సహా పోయింది" అని నర్సుకు చెప్పేవాడు. నర్సు అలవాటు కొద్దీ దూది అందించేది.

ఊరి చివర షెడ్డులో గేర్‌బాక్సులు తప్ప మరో పని ముట్టని మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆయన డాక్టరును బల్ల దగ్గరకు తీసుకెళ్ళి రెండు గేర్‌బాక్సులు చూపించాడు.

"ఇందులో పళ్ళు ఏటవాలుగా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి మెల్లగా వాలుతూ కలుస్తాయి కాబట్టి చప్పుడుండదు. లావుగా, గట్టిగానే కోశాను. కాకపోతే కలిసినప్పుడల్లా షాఫ్టును పక్కకు తోస్తాయి. దీంట్లో పళ్ళు నిలువు. ముఖాముఖి తలపడతాయి. తోపుడుండదు, ఇంకా గట్టివి. గోల మాత్రం ఉంటుంది."

"ఎంత గోల?"

"మీరు చేసే పనేమిటి?"

"పళ్ళ డాక్టర్ని."

"అయితే మీకు అలవాటైన గోలే. రెండూ బిగించి చూడండి. నచ్చనిది తిరిగిచ్చేయండి."

ముందు నిలువు పళ్ళది బిగించారు. ఆ ఆదివారం డాక్టరు ఇంటిల్లిపాదినీ కారులో ఎక్కించుకుని బైపాస్ రోడ్డు మీదికి తీశాడు. ఇంటిల్లిపాదీ అంటే భార్య, అత్తగారు, మామగారు. అత్తమామలు పై అంతస్తులోనే ఉంటారు. అత్తగారు ఒకప్పుడు బడి బస్సు నడిపేది. మామగారు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ముద్రణ యంత్రాల పక్కన కూర్చుని కూర్చుని చెవులు పోగొట్టుకున్నాడు. చెవి మిషను కొనిస్తే, "ఇందులో మాటలు రావు, కాగితం నలిపిన చప్పుడు వస్తుంది" అని తీసి సొరుగులో పడేశాడు.

మూడో గేరు పడగానే కారంతా ఒకటే కూత. డాక్టరుకు క్లినిక్‌లో డ్రిల్లు పట్టుకున్నంత హాయిగా ఉంది. వెనక సీట్లోంచి అత్తగారు కూతురితో గొంతు పెంచి అంది: "ఈ కారుకు మీ ఆయన ఇచ్చే ప్రాముఖ్యతలో పావు వంతు మీ నాన్న నాకు ఇచ్చుంటే—"

"ప్రాముఖ్యం" అన్నాడు ముందు సీట్లోని మామగారు. "చివర 'త' పెట్టకూడదు."

డాక్టరు కంగారులో బ్రేకు మీద కాలు వేశాడు. కూత ఆగిపోయింది. "నాన్నా, నీకు వినపడిందా?" అని కూతురు అడిగితే ఆయన కిటికీలోంచి చెట్లు చూస్తున్నాడు. మళ్ళీ మూడో గేరు వేస్తే, "ఎందుకలా అరుస్తున్నావు?" అన్నాడు.

చెవి డాక్టరు అన్నీ పరీక్షించి, కొందరి చెవులు అంతేననీ, గోలలోనే తెరుచుకుంటాయనీ తేల్చాడు. ఏ గోల అయితేనేం అనుకుని ఇంట్లో మిక్సీ తిప్పారు, దుమ్ము పీల్చే యంత్రం పెట్టారు, జుట్టు ఆరబెట్టే మిషను చెవి దగ్గర పట్టారు. ఫలితం లేదు. డాక్టరు ఆయన్ని క్లినిక్‌కి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి డ్రిల్లు కూడా ఆడించాడు. మామగారు బుద్ధిగా నోరు తెరిచాడు, అంతే. ఆయన చెవులకు సరిపడే గోల లోకంలో ఒక్కటే ఉంది. అది ఆరువందల గుర్రాల ఇంజను వెనక, నిలువు పళ్ళ మూడో గేరు.

దాంతో ఇంటి పద్ధతే మారిపోయింది. మామగారితో మాటుంటే కారెక్కాలి. సిగ్నల్ దగ్గర కారు ఆగితే ఆయన మాట మధ్యలోనే చెవిటివాడైపోయేవాడు. ఆకుపచ్చ లైటు పడి, మూడో గేరు దాకా వచ్చాక, "ఊఁ, తర్వాత?" అనేవాడు. ఆయన తమ్ముడు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న కబుర్లన్నీ మోసుకొచ్చి, బైపాస్ రోడ్డు మీద ఖాళీ చేసి వెళ్ళాడు. పక్కింటాయన కూడా ఒక పూట ఎక్కి, రెండిళ్ళ మధ్య కంచె తగాదా తేల్చుకున్నాడు. ఒకరోజు మామగారు, "నా రిటైర్మెంటు సభలో నన్ను గురించి ఏమన్నారు?" అని అడిగాడు. కూతురు గుర్తున్నంత మేరకు చెప్పింది. ఆయన "అల్లుడూ, ఇంకో చుట్టు తిప్పు" అన్నాడు.

డాక్టరుకు కడుపు నిండిపోయింది. ఇక వెతికేదేముంది, నిలువు పళ్ళే ఖాయం అనుకున్నాడు.

అయితే అత్తగారు మాట్లాడటం మానేసింది. అంతకుముందు ఆవిడ నోటికి తెరిపి ఉండేది కాదు. "భోజనం బాగుంది" అని మామగారంటే తియ్యగా నవ్వి, "బాగుండక ఏం, మొన్నటిది" అనేది. ఆయన తల ఊపేవాడు. ఇప్పుడు కారులోనే కాదు, ఇంట్లోనూ ఆవిడ పెదవి విప్పడం లేదు.

ఆ వారంలో డాక్టరు మేస్త్రీ దగ్గరకు వెళ్తే, అక్కడ స్టూలు మీద అత్తగారు కూర్చుని ఉంది. చేతిలో ఒక పళ్ళ చక్రం. చీర కొంగుకు గ్రీజు.

"ఏటవాలు పళ్ళే మంచివి బాబూ" అంది అల్లుణ్ణి చూసి, ఏమీ జరగనట్టు. "ఒకేసారి రెండు మూడు పళ్ళు బరువు పంచుకుంటాయి. నిలువు పళ్ళయితే భారమంతా ఒకదాని మీదే."

"షాఫ్టును తోస్తాయి కదా అత్తయ్యా."

"దానికి లావు బేరింగు వేస్తే సరి. ఈయన్ని అడుగు."

మేస్త్రీ అవునన్నట్టు తల ఊపాడు. ఆవిడ మూడు రోజులుగా వస్తోందనీ, ఇప్పుడు తన కస్టమర్లకు తన కంటే ముందు ఆవిడే సలహాలు చెబుతోందనీ నెమ్మదిగా బయటపెట్టాడు.

విషయం ఇంట్లో తెలిసింది. భార్య నిలువు పళ్ళ పక్షం. తండ్రిని మళ్ళీ చెవిటివాణ్ణి చేయడానికి ఒప్పుకోనంది. తేల్చుకోవడానికి నలుగురూ కూర్చోవాలి, కూర్చుంటే మామగారికి వినపడాలి, అంటే కారులోనే కూర్చోవాలి. డాక్టరు బైపాస్ ఎక్కి మూడో గేరు వేశాడు.

"చెప్పమ్మా, నీకేం కష్టం?" అంది కూతురు, కూత మీదుగా అరుస్తూ.

అత్తగారు చాలాసేపు కిటికీ అద్దం తుడిచింది. ఆ తర్వాత భర్త వీపు వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"పెళ్ళయిన నాటి నుంచి నేనొక్క మాట చివరిదాకా చెప్పి ఎరగను. మధ్యలోనే దిద్దేవారు. ఈ మాట తప్పు, ఆ ఒత్తు తప్పు. పుట్టింటికి రాసిన ఉత్తరాలు కూడా దిద్ది పోస్టు చేశారు. మీకు వినపడటం మానేశాకే నాకు నోరొచ్చింది. మళ్ళీ మీరు వింటుంటే ఆ నోరు మూతపడిపోతోంది."

సరిగ్గా ఆ మాటప్పుడే సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. కారు ఆగింది. మామగారు వెనక్కి తిరిగి భార్య మొహం చూశాడు. ఇప్పుడు ఆయనకేమీ వినపడదు. లైటు మారాక, మూడో గేరు పడ్డాక, అందరూ ఆయన ఏమంటాడో అని చెవులు రిక్కించారు.

"ఆ ఉత్తరాల్లో తప్పులేమీ ఉండేవి కావు" అన్నాడాయన. "ఏదో ఒకటి దిద్దకపోతే నాకు తోచేది కాదు."

అత్తగారు ముక్కు చీదింది. "అది ఇప్పుడా చెప్పడం."

మర్నాడు ఆవిడే మేస్త్రీని అడిగింది: "మూడో గేరొక్కటే నిలువు పళ్ళతో చేసి, మిగతావన్నీ ఏటవాలువి పెడితే కుదరదా?"

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "కుదురుతుంది. ఇంతవరకు ఎవరూ అడగలేదంతే."

"అయితే అదే చెయ్యి. ఇంకో మాట అల్లుడూ, గేరు కర్ర నా చేతిలో ఉండాలి. నేను బడి బస్సు నడిపినదాన్నే, నీకు తెలుసుగా."

డాక్టరు కారు తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు. కొత్త గేర్‌బాక్సుతో పాటు వచ్చిన క్లచ్చి తొక్కితే ఆయనకే మోకాలు పట్టేసేది. అత్తగారు దాన్ని చెప్పు తొడుక్కున్నంత తేలిగ్గా తొక్కింది.

అప్పటి నుంచి పొద్దున్నే అత్తగారూ మామగారూ ఇద్దరే కారులో వెళ్తారు. డాక్టరూ భార్యా బాల్కనీలో నిలబడితే దూరంగా బైపాస్ మీద కూత వినపడుతుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది. నాలుగో గేరు.

"నాన్న మళ్ళీ ఏదో దిద్దినట్టున్నారు" అంటుంది భార్య.

కొంతసేపటికి కూత మళ్ళీ మొదలవుతుంది. మొదట్లో మాటిమాటికీ తెగేది. రానురాను సాగింది. ఒకనాడు అసలు ఆగనే లేదు. ఇద్దరూ ఎండెక్కాక తిరిగొచ్చారు. మామగారు దిగి, చెవిటివాళ్ళ పెద్ద గొంతుతో, "అల్లుడూ, పెట్రోలు పోయించి ఉంచు, సాయంత్రం కూడా వెళ్ళాలి, ఇంకా చాలా ఉందట" అన్నాడు. డాక్టరు సరేనన్నట్టు తల ఊపి, కారును వాళ్ళకే వదిలి, క్లినిక్‌కి వేళైందని బస్సు కోసం బయల్దేరాడు.