దాపట పలుపు

పక్కింటి సీతారత్నం కుళాయి దగ్గర అందట, "సత్యవేణి కుక్కని తిప్పడం కాదమ్మా, కుక్కే సత్యవేణిని తిప్పుతోంది" అని. విని నవ్వినవాళ్లలో ఒక్కరైనా ఆ ఇద్దరి మధ్య నలిగేవాడి సంగతి అడగలేదు. ఆ నలిగేవాణ్ణి నేనే. నేను ఒక పలుపుతాడును.

గోగునారతో పుట్టాను. సత్యవేణి మామగారు నన్ను తొడమీద పేని పెయ్యదూడ మెడకు కట్టారు. పశువును అమ్మినా పలుపు ఇవ్వకూడదట, ఇస్తే పాడి వెళ్లిపోతుందట. పెయ్య వెళ్లింది, పాడీ వెళ్లింది. నేను మాత్రం చూరుకు వేలాడాను.

తర్వాత బుల్లోడనే కుక్క వచ్చాడు. సత్యవేణి పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. కాలవగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్తుంది. తుమ్మచెట్లు దాటేదాకా మనిషి కనబడని దారి. బుల్లోడు పక్కన పరుగెడుతుంటే ఆమెకు గుండె నిబ్బరం.

మొదటిరోజు నన్ను హ్యాండిల్‌కు కట్టింది. హ్యాండిల్ కట్టుగుంజ కాదన్న సంగతి ముంగిస కనబడ్డాక తెలిసింది. బుల్లోడు అటు, చక్రం అటు, సత్యవేణి కాలవలో తూటికాడ పొదల్లోకి. రెండోసారి చేతికి చుట్టుకుంది. మళ్లీ పడింది, మణికట్టు తోలు లేచింది. బిగిస్తేనే భద్రమని మనుషులకు ఎవరు చెప్పారో.

భర్త భాస్కర్రావు తేల్చేశాడు. "ఇంకోసారి పడ్డావంటే వీణ్ణి రొయ్యల చెరువుల కాపలాకి ఇచ్చేస్తా. శనివారం సాయంత్రం రమ్మని ఆ చెరువుల కామేశుకి చెప్పేశా కూడా."

సత్యవేణి సూదీ దారం తీసింది. మెడ మీద లాగుడు పడకుండా పాత చీర అంచుతో బుల్లోడి రొమ్ముకు పట్టీ కుట్టింది. చక్రానికి అందకుండా నన్ను పొట్టి చేసి, కొస లాగితే విడిపోయే ముడితో సీటు కింద కట్టింది. అరుగు మీంచి మామగారు కేకేశారు. "దాపట కట్టమ్మా. బళ్లొచ్చేది ఎలపట." కాడికి ఎడమ ఎద్దు దాపట, కుడిది ఎలపట. అలా బుల్లోడు ఆ ఇంటికి దాపటెద్దయ్యాడు. ముందు సైకిలు నడిపించుకుంటూ తిప్పింది, తర్వాత నెమ్మదిగా ఎక్కింది. "హో" అంటే ఆగడం నేర్పింది.

శనివారం పొద్దున భాస్కర్రావు మోపెడ్ వేసుకుని వెనకాలే వచ్చాడు, ఎప్పుడు పడుతుందా అని. వంతెన దగ్గర బాతుల మంద గట్టెక్కింది. బుల్లోడి చెవులు నిక్కాయి. నా పురులన్నీ బిగుసుకున్నాయి.

"హో" అంది సత్యవేణి, బ్రేకు పట్టి కాలు కింద ఆనించి.

బుల్లోడు ఒళ్లంతా వణికాడు గానీ అడుగు కదపలేదు. నేను సడలాను. అప్పుడే వెనక దభీమని చప్పుడైంది. కుక్కనే చూస్తూ వచ్చిన భాస్కర్రావు మోపెడ్‌తో సహా గట్టు కింద వరిచేలో ఉన్నాడు.

బాతులవాళ్లు చెయ్యిచ్చి పైకి లాగారు. ఆయన పంచె పిండుకుంటూ బుల్లోడి వంక చూశాడు. "సాయంత్రం కామేశు వస్తాడే. ఏం చెప్పమంటావ్?"

"పడ్డవాళ్లని తీసుకెళ్లమనండి."