హెరాక్లెస్ పెళ్ళాం పిల్లలు

మా ఆయన దశరథ్‌కు బోనాల్లో పూనకం వచ్చేది. పోతురాజు వేషంలో, ఒళ్ళంతా పసుపుతో కొరడా ఝళిపిస్తుంటే బస్తీ అంతా దండం పెట్టేది. నేనూ పెట్టాను. పెట్టి ఊరుకోక పెళ్ళి కూడా చేసుకున్నాను, నా ఖర్మ!

జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ వచ్చాక ఏళ్ళ తరబడి ఆ ఊసే లేదు. కరోనా వచ్చి, కంపెనీ కుర్జార్‌బైట్ అని పని తగ్గించి మనిషిని ఇంట్లో కూర్చోబెట్టాక మళ్ళీ మొదలైంది. బోనాలు లేవు, డప్పు లేదు. పప్పులో ఉప్పు తగ్గితే పూనకం, పిల్ల గట్టిగా నవ్వితే పూనకం. కళ్ళెర్రజేసి ఊగుతూ బెల్టు తీసేవాడు. ఒకసారి నా పెదవి చిట్లింది, ఇంకోసారి వేలు విరిగింది. అలిసిపోయాక, "నేను గాదు గిరిజా, అమ్మవారు" అనేవాడు. నేను పసుపునీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళ మీద పోసి, "శాంతించు తల్లీ" అని మొక్కేదాన్ని. ఇక్కడ వేపాకు దొరక్క కరివేపాకు వేసేదాన్ని. ఏం చేయను, అమ్మవారి మీద కేసు పెడతానా?

జనవరిలో మళ్ళీ బళ్ళు మూశారు. ఆరో క్లాసు చదివే మా నవ్యశ్రీకి గ్రీకు పురాణాల హోంవర్క్ వచ్చింది. హేరా అనే దేవత పగబట్టి హెరాక్లెస్‌కు పిచ్చెక్కిస్తే, సొంత పిల్లల్నే చంపుకున్నాడట. ఆ పాపం కడుక్కోవడానికి సింహాల్నీ పాముల్నీ చంపి మహావీరుడై, చివరికి దేవుడే అయ్యాడట. తప్పు ఎవరిదో రాయమంది టీచరు.

"దేవతదే, రాయి," అన్నాడు దశరథ్ సోఫాలోంచి. "అమ్మ ఒంటి మీదికొస్తే మనిషేం జేస్తడు? దేవుడు గట్ల పట్టకుంటే వాడు హీరో అయ్యెటోడా?"

"ఆబర్... కానీ డాడీ, పిల్లలు హీరో అవ్వలేదు కదా? చచ్చిపోయారు అంతే."

ఊగుతూ లేచాడు. లాప్‌టాప్ గోడకేసి కొట్టాడు. పిల్లను జుట్టు పట్టి ఈడ్చి, తలను టేబుల్ అంచుకేసి బాదాడు. కనుబొమ్మ చీలి రక్తం మెడ దాకా కారింది. నవ్య ఏడవలేదు. నా వైపు చూసి, "అమ్మా, పసుపునీళ్ళు తెస్తావా?" అంది.

దేవుడి గూట్లోంచి కర్పూరం తీసి నా అరచేతిలోనే వెలిగించాను. మా వైపు పూనకం నిజమో కాదో ఇలాగే తేలుస్తారు. అమ్మ పూనిన ఒంటికి మంట తెలియదు.

"నువ్వు మా ఎల్లమ్మవే అయితే చెయ్యి పట్టు తల్లీ," అన్నాను.

ఊగుతూనే చాపాడు. ఆ మంటను వాడి అరచేతిలో పెట్టి, రెండు చేతులతో పిడికిలి మూసి పట్టుకున్నాను.

"అబ్బా! సచ్చిన్నే! ఇడువే ముండా, చెయ్యి గాలింది!"

ఊపు ఎక్కడికక్కడ ఆగిపోయింది. మరుక్షణం నా గొంతు పట్టుకున్నాడు. పక్క వంటగట్టు మీద చేతికందిన దోసె పెనంతో మోకాలి చిప్ప మీద ఒక్కటిచ్చాను. ఎముక పటుక్కుమంది. వాడు కూలబడి అరుస్తుంటే, పిల్లను ఎత్తుకుని మెట్ల మీదికి పరిగెత్తి పోలీసులకు ఫోన్ చేశాను. నా అరచెయ్యి బొబ్బలెక్కిన సంగతి అప్పటిదాకా నాకు తెలియనే లేదు.

మాస్కులు వేసుకుని ఇద్దరొచ్చారు. వాళ్ళలో ఆడమనిషి నవ్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కొట్టిందెవరని అడిగింది.

"డాడీ."

"లోపల ఆయనతో ఇంకెవరైనా ఉన్నారా?"

నవ్య నా ముఖంలోకి చూసింది.

"ఎవరూ లేరు," అంది నా బిడ్డ. "డాడీ ఒక్కడే."