లవోండా కసి తీరిన రోజు

చర్చికి వేసుకెళ్ళే పసుపు గౌను ఇస్త్రీ చేసి, తొడుక్కుని మరీ అమెరికాలోని మాంట్‌గమరీ ఊరి కోర్టుకు వచ్చింది లవోండా. బిడ్డ తండ్రిని జైలుకు పంపడానికి ఇంత సింగారమా అని ఎవరైనా అడిగితే, అవును, దీనికోసమే అని చెప్పేది.

ఆమెను తప్పుపట్టే ముందు ఆమె ఇంటి సంగతి వినాలి. కోళ్ళ ఫ్యాక్టరీలో ఆమె పని పోయినప్పటినుంచి ఆ ఇల్లు సర్కారు సాయం మీదే గడుస్తోంది. చిన్నారి టియానా చిరిగిన బూట్లతో బడికి పోతుంటే, లారీ నడిపే తండ్రి రెజ్జీ దగ్గర్నుంచి మాత్రం ఆ పిల్ల పోషణకు చిల్లిగవ్వ ఆమె చేతికి రాలేదు. ఆమె ఫిర్యాదు చేసింది. పిల్ల పోషణ బాకీ పడ్డాడని అతని డ్రైవింగ్ లైసెన్సు ఊడింది, వెంటనే ఉద్యోగమూ ఊడింది. ఆ రోజు లవోండా చేపలు వేయించుకుని తృప్తిగా తిన్నది. అయినా కడుపుమంట చల్లారలేదు.

కోర్టులో రెజ్జీ ఎదురుపడగానే అంది: "ఏరా, ఇప్పటికైనా కూతురు గుర్తొచ్చిందా?"

"ఏళ్ళ తరబడి నా జీతం కోయించుకుని తిని, నన్నంటావా? ఆ డబ్బంతా ఏం చేశావే?"

"ఏ డబ్బురా? నీ మొహం!"

ముసలి జడ్జిగారు కళ్ళద్దాలు తీశారు. "అతను చెప్పేది నిజమేనమ్మా. నిరుడు పనిలేని మూడు నెలలు తప్పితే, ఉద్యోగం ఊడేదాకా ప్రతి వారం కట్టాడు. లైసెన్సు పోయింది ఆ మూడు నెలల బాకీకే."

"మరి నాకు రాలేదే!"

"నువ్వు సర్కారు సాయం తీసుకుంటున్నావుగా. తీసుకున్నన్నాళ్ళూ అతను కట్టేది సర్కారుకే, నీకిచ్చినదాని కింద చెల్లు. సాయం అడిగిన రోజే ఆ హక్కు రాసిచ్చేశావు."

ఆ రోజు ఆకలికి ఏడుస్తున్న పిల్లను చంకనేసుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది లవోండా.

"అయితే నా బిడ్డకు నేను ఒక జత బూట్లు కూడా కొనలేదన్నమాట," అన్నాడు రెజ్జీ నెమ్మదిగా. "నువ్వే తినేస్తున్నావని, దాన్ని చూడ్డానికి రావడం కూడా మానేశాను."

లవోండాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఎవరి గొంతు పట్టుకోవాలో తెలియక, దొరికిన గొంతు పట్టుకుంది.

"జడ్జిగారూ, ఆ మూడు నెలల బాకీ వదిలేశాను. ఇతని లైసెన్సు ఇచ్చెయ్యండి."

"వదిలెయ్యడానికి అది నీ బాకీ కాదమ్మా, సర్కారుది."

లవోండా వెనక్కి తిరిగింది. బెంచీల మీద తమ వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళందరికీ వినపడేట్టు అరిచింది:

"అక్కల్లారా, మీ కసి ఈ తండ్రుల మీద ఖర్చుపెట్టకండి. బిడ్డ కోసం తండ్రి కట్టింది మింగేసి, దానికి సాయమని పేరు పెట్టిన ఆ చట్టం మీదే తీర్చుకోవాలి మన పగ!"