గోడవైపు తిరిగిన సీసా

ఆ ప్రయోగశాలలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. నోరు ఆగదు కనుక వసపిట్ట అన్నారు, అదే స్థిరపడిపోయింది. అలాంటి వసపిట్టకు ఆ మంగళవారం ఉదయం నోట మాట లేదు. మూడు వారాలుగా అల రాలేదు మరి!

ఏ అలంటారా? చెప్తాను, కంగారుపడకండి. కోడిపిల్ల కంటి వెనకుండే రెటీనా పొరను ఉప్పునీటి గిన్నెలో పెట్టి సన్నటి సూదితో తాకితే, తాకినచోట పాలచుక్కలాంటి తెల్లటి వలయం పుడుతుంది. పుట్టి, నిమిషానికి మూడు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున తాపీగా పొరంతా పాకుతుంది. మామూలు కంటికే కనిపిస్తుంది. అది దాటినచోట కణాలు కాసేపు మూగబోతాయి. ఒక కణంలోంచి పొటాషియం బయటికి ఉరికి పక్కదాన్ని రెచ్చగొడుతుంది, అది దాని పక్కదాన్ని. వీధి మొదట్లో పుట్టిన చాడీ ఇంటింటికీ చేరడం లేదూ, అలాగే. ఈ గోలలో మెగ్నీషియం ఒక్కటే పెద్దమనిషి. కణాల తలుపులకు గడియలా అడ్డం పడి గొడవ సద్దుమణిగేలా చేస్తుంది.

వసపిట్ట మూడేళ్ల పరిశోధనంతా ఆ అల మీదే. పదకొండింటికి పరీక్షకురాలు వస్తుంది. అలను కళ్లారా చూస్తేనే సంతకం పెడుతుంది. లేదంటే మూడేళ్ల కష్టమూ నీళ్లపాలు, వసపిట్ట బల్ల ఇంకొకరిపాలు.

ఇక్కడ ఆ గది పద్ధతి ఒకటి చెప్పాలి. మిగతా ఉప్పులన్నీ వసపిట్ట ముందురోజు సాయంత్రమే కలిపి ఉంచుతుంది. మెగ్నీషియం మాత్రం ఆమె గురువు, అందరూ మాస్టారనే పెద్దాయన, పొద్దున్న ఏడింటికి వచ్చి స్వయంగా వేస్తారు. ఆ పాళ్లు ఇంకొకరి చేతికి వదిలితే ఆయనకు ముద్ద దిగదు. వేసి, మెగ్నీషియం సీసా మీది పేరు చీటీని గోడవైపు తిప్పి, పాఠాలు చెప్పడానికి వెళ్లిపోతారు. తొమ్మిదింటికి వసపిట్ట వచ్చి చూస్తుంది. చీటీ గోడవైపు ఉంటే మెగ్నీషియం పడినట్టు. తనవైపు ఉంటే ఆయన మరిచిపోయినట్టు, తనే వేసేస్తుంది. ఇరవై ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి, ఎక్కడా రాసి మాత్రం లేదు.

మూడు వారాలుగా చీటీ రోజూ తనవైపే ఉంటోంది. మాస్టారికి మతిమరుపు ముదిరిందనుకుని, పెద్దాయన మనసు కష్టపెట్టడమెందుకని వసపిట్ట అడగలేదు. నోరు ఆగని మనిషి ఆగకూడని చోటే ఆగింది, చూశారా!

ఆ రోజూ అంతే. చీటీ తనవైపే ఉంది, మెగ్నీషియం వేసింది, పొరను గిన్నెలో పెట్టి సూదితో తాకింది. తెల్లగా ఏదో మెరిసి అక్కడికక్కడే చచ్చింది. గంట పదింపావు. మిగిలింది ఒకే ఒక్క కన్ను.

"అయిపోయింది పిన్నీ, నా పని అయిపోయింది," అంటూ స్టూలు మీద కూలబడింది.

గాజుసామాను కడిగే ఆవిడను అందరూ పిన్ని అనే పిలుస్తారు. పనిలో చేరి మూడు వారాలైంది. పోయిన వారం ఒకరోజు తలనొప్పితో తలకు గుడ్డ కట్టుకుని మూల కూర్చుంటే, పని ఎగ్గొట్టే నాటకాలని స్టోరు గుమాస్తా అందరి ముందూ కసిరాడు. అప్పట్నుంచీ ఇంకొకరు వేలెత్తి చూపకుండా బల్లలు అద్దంలా తుడుస్తోంది.

"ఊరుకో తల్లీ, ఏడవకు," అంది పిన్ని గరాటు తుడుస్తూ. "నాకూ ఉంది తలనొప్పి. ఎవడో దుర్మార్గుడు రోజూ ఆ మెగ్నీషియం సీసాని గోడకేసి తిప్పి పోతున్నాడు. నేను చేరిన దగ్గర్నుంచీ ఎనిమిదింటికల్లా దాన్ని సరిగ్గా తిప్పి పెడుతున్నాననుకో!"

వసపిట్ట ఏడుపు టక్కున ఆగింది. సీసాను చూసింది. పిన్నిని చూసింది. మాస్టారు ఒకసారి, తను ఒకసారి, రోజూ రెండేసి పాళ్లు! కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు పొట్ట చెక్కలయ్యేదాకా ఆగలేదు. లేచి పిన్నిని వాటేసుకుని, గరాటుతో సహా గిర్రున తిప్పేసింది.

"అయ్యో, వదులు! పిచ్చిగానీ పట్టిందా నీకు?"

"పట్టింది పిన్నీ, బాగా పట్టింది! కొలగ్లాసు అందుకో, త్వరగా!"

అరగంటలో కొత్త ఉప్పునీరు తయారైంది, ఈసారి మెగ్నీషియం ఒక్కసారే పడింది. పదకొండింటికి పరీక్షకురాలు, ఆవిడ వెనకే మాస్టారు వచ్చేసరికి ఆఖరి కన్ను గిన్నెలో సిద్ధంగా ఉంది. వసపిట్ట ఊపిరి బిగబట్టి సూది తాకించింది.

చుక్క మెరిసింది. చావలేదు. వలయమైంది, ఆవగింజంత, మిరియమంత, శనగగింజంత! మాస్టారు తన వయసు మరిచి చప్పట్లు కొట్టారు.

"మూడు వారాలు ఎందుకు రాలేదు మరి?" అంది పరీక్షకురాలు.

"మెగ్నీషియం రెట్టింపైతే అల చచ్చిపోతుందని రోజూ రుజువు చేశానండి, నాకే తెలియకుండా."

సీసా సంగతి విని పరీక్షకురాలు కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. "అదీ రాయి, ఒక్క రోజూ వదలకుండా," అని సంతకం పెట్టేసింది.

అప్పటిదాకా వెనకే నిలబడ్డ పిన్ని ముందుకు వంగి చూసింది. చూస్తూ చూస్తూ కుర్చీ పట్టుకుంది.

"ఇదే! తలనొప్పి వచ్చే ముందు నా చూపులో ఇలాగే ఒక మెరుపు పుట్టి పాకుతుంది. ఇరవై ఏళ్లుగా చెబుతున్నా, ఒక్కరూ నమ్మలేదు."

వసపిట్ట వచ్చి పిన్ని చెయ్యి పట్టుకుంది. "నీది మెదడులో పాకుతుంది పిన్నీ, ఇది కంటి పొరలో. రెండూ ఒకే వంశమని డాక్టర్లు అనుకుంటున్నారు. నువ్వు చెప్పింది నిజమే."

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మళ్లీ వస్తుందా ఇది?"

"పావుగంట ఆగితే పొర తేరుకుంటుంది. మళ్లీ తాకొచ్చు."

"అయితే సూది నాకివ్వు. ఈలోగా ఎవరైనా వెళ్లి ఆ స్టోరు గుమాస్తాని పిలుచుకురండి!"

మాస్టారే స్వయంగా పరిగెత్తారు.