ముత్యాలు తీసినవాళ్ల గది

కడపలో జూనియర్ కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పే రోజుల్లో ఖాలిదా ప్రతి ఏడూ వాళ్లను గండికోటకు తీసుకెళ్లేది. పెళ్లయి సౌదీలోని జిజాన్ వచ్చాక పాఠం వినే పిల్లలూ లేరు, ఎక్కడానికి కోటా లేదు. భర్త ఇష్తియాక్ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాడు. అతను డ్యూటీకి పోగానే ఆమె పక్కింటి సౌదీ ఆడవాళ్ల దగ్గర కూర్చుని అరబ్బీ నేర్చుకుంది. తర్వాత కారు లైసెన్సు తీసుకుంది. చలికాలం రాగానే బిల్డింగులోని తెలుగు ఆడవాళ్లందరినీ అడిగింది.

"ఫరసాన్ దీవికి పోతాండా. కోటా, పాత ఇండ్లూ అన్నీ నేనే చూపిస్తా. ఎవరొస్తారు?"

పుష్ప ఒక్కతే ఒప్పుకుంది, అదీ తల్లి కోసం. ముత్యవ్వ జగిత్యాల నుంచి విజిట్ వీసా మీద కూతురి దగ్గరికొచ్చి, అప్పటినుంచీ ఫ్లాట్ గోడలే చూస్తోంది.

శుక్రవారం పొద్దున్నే కారుతో సహా పడవెక్కారు. ముత్యవ్వ లోపల కూర్చోనంది. రెయిలింగు పట్టుకుని, కొంగు నడుముకు బిగించి, దీవి కనబడేదాకా నిలబడే ఉంది. దిగాక ఖాలిదా వాళ్లను మొదట దిబ్బమీద టర్కీవాళ్లు కట్టిన పాత కోటకు తీసుకెళ్లింది. ముత్యవ్వ మోకాళ్లు నొప్పెట్టినా పైదాకా ఎక్కింది. పుష్ప నాలుగు ఫొటోలు తీసుకుని, "అయిపాయెనా అక్కా?" అంది.

"అసలుది ముందుంది. ముత్యాల వర్తకుని ఇల్లు. చూస్తే నువ్వే కదలవు."

తీరా వెళ్లేసరికి ఆ ఇంటి గేటుకు తాళం ఉంది. మరమ్మతులని బోర్డు పెట్టారు.

"గింత దూరం తోల్కొచ్చి తాళం చూపెడ్తున్నవా?" అంది పుష్ప.

"తాళమే," అంది ఖాలిదా. "ముందే ఫోన్ చేసి కనుక్కోవాల్సింది. నాదే పొరపాటు. అయినా ఈ ఇంటి సొగసు సగం బయటే ఉంది. రా, చూపిస్తా."

ఆమె గొంతులో తడబాటు లేదు. గోడకు దగ్గరగా తీసుకెళ్లి, సున్నం రాలిన చోట రాయి చూపించింది. అది సముద్రంలోంచి కోసి తెచ్చిన పగడపు రాయి. దానిమీద తెల్లటి గచ్చు పూసి, అది ఆరకముందే పూలూ తీగలూ చెక్కారు. వర్తకుడు ముత్యాలు అమ్మడానికి బొంబాయి పోయేవాడనీ, కిటికీలకు రంగుటద్దాలు అక్కడినుంచే తెచ్చాడనీ చెప్పింది. గుమ్మం పైనున్న పూవును వేలితో చూపించింది. దానికి ఆరు రేకులు, ప్రతి రేకు మధ్యలో చిన్న గీత. పుష్ప ఫోన్ సంచిలో పెట్టేసి వింటోంది.

ఉన్నట్టుండి ఆమెకు తల్లి గుర్తొచ్చింది. "మా అవ్వేది?"

ముత్యవ్వ ఎదురింటి అరుగు మీద ఒక సౌదీ ముసలావిడ పక్కన కూర్చుని నీళ్లు తాగుతోంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. అయినా ఇద్దరూ తమ మోకాళ్లు చూపించుకుంటూ నవ్వుకుంటున్నారు.

ముసలావిడ పేరు ఉమ్ ఈసా. "ఆ గోడ దగ్గర ఏం చెబుతున్నావు?" అని ఖాలిదాను అడిగింది. ఖాలిదా అరబ్బీలో మళ్లీ అంతా చెప్పింది.

"అందరూ ఆ ఇల్లే చూస్తారు," అంది ఉమ్ ఈసా. "ఆ ముత్యాలు నీళ్లలో మునిగి తెచ్చింది మా తాత. రండి."

ఆమె సిమెంటు ఇంటి వెనక ఒక పాత గది ఉంది. అవే పగడపు రాళ్లు, కానీ గోడలకు గచ్చు లేదు. రాళ్లలో గవ్వల అచ్చులు అలాగే ఉన్నాయి. పైకప్పుకు ఖర్జూరపు మాను దూలాలు. మునిగి మునిగి తాతకు చెవులు పోయాయనీ, పిల్లలు ఆయన చేయి తట్టి మాట్లాడేవాళ్లనీ ఉమ్ ఈసా చెప్పింది. ఖాలిదా ఒక్కో మాటా తెలుగులో చెబుతూంటే ముత్యవ్వ ఆ గోడను అరచేత్తో నిమిరింది.

"అక్కా, గటు చూడు!" పుష్ప గుమ్మం పైకి చూపించింది. "గా ఇంటి మీది పువ్వే గదా? గీత సుత ఉన్నది!"

ఖాలిదా తలెత్తింది. అదే పూవు, అరచేయంత. పుష్ప చెప్పకపోతే తను చూసేది కాదు.

"వర్తకుని ఇంటికి చెక్కిన మేస్త్రీ మిగిలిన గచ్చుతో మా తాతకు చేసిపెట్టాడు," అంది ఉమ్ ఈసా.

"ఆ ఇంటి లోపల మీరు చూసినారా?" అని అడిగింది ఖాలిదా.

"మా తాత ముత్యాలు ఇచ్చి గుమ్మం దగ్గర్నించే తిరిగొచ్చేవాడు. మేమూ అంతే. ఎవరూ రమ్మనలేదు, మేమూ పోలేదు."

తిరుగు పడవలో పుష్ప బిల్డింగులోని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఆ పూవు సంగతే చెప్పింది. మరమ్మతులు అయ్యేదాకా ఖాలిదా వారం వారం ఆ ఇంటి కాపలాదారుకు ఫోన్ చేస్తూనే ఉంది. గేటు తెరిచారని తెలిసిన వారమే మళ్లీ బయల్దేరింది. ఈసారి రెండు కార్ల నిండా ఆడవాళ్లు. ముత్యవ్వ ముందు సీట్లో కూర్చుంది.

ఖాలిదా నేరుగా ఉమ్ ఈసా ఇంటి ముందు బండి ఆపింది. "ముందు వీళ్లకు మీ గది చూపిస్తాం. తర్వాత మీరు మాతో ఆ ఇంటికి రావాల," అంది.

"నాకెందుకమ్మా?" అంటూనే ఆమె పైన వేసుకున్న నల్ల అబాయా సర్దుకుంది. ముత్యవ్వ ఆమె చేయి పట్టుకుని రోడ్డు దాటించింది.

వర్తకుని ఇంటి లోపల రంగుటద్దాల ఎండ గచ్చు పూల మీద ఎర్రగా, పచ్చగా పడుతోంది. ఉమ్ ఈసా ఆ హాలు మధ్యలో నిలబడి చాలాసేపు పైకప్పు కేసి చూసింది. తర్వాత ఖాలిదా వైపు తిరిగింది.

"వాళ్లకు చెప్పినట్టు నాకూ చెప్పు. మొదటినుంచీ."

ఖాలిదా ఆమెను గోడ దగ్గరికి నడిపించి, అరబ్బీలో మొదలుపెట్టింది.