డెల్బర్ట్ మెరిసే ఫ్యాను

ఇలా దగ్గరికి జరగండి, కాళ్ళు ముడుచుకుని కూర్చోండి. మా ఒహాయోలో డెల్బర్ట్ కారు కుతకుతలాడిన కథ చెబుతాను.

డెల్బర్ట్‌కి ఓ పాత నారింజరంగు కారు ఉండేది. ఇంజను ఏనుగంత, సీట్లు రెండే. పెళ్ళాం నోరీన్ పుట్టినరోజు మరిచేవాడు గానీ, కారుకి మైనం పట్టించడం ఏనాడూ మరవలేదు. ఆదివారాలు పాతకార్లవాళ్ళంతా బానెట్లు ఎత్తిపెట్టి, పక్కన కుర్చీలేసుకుని కూర్చునేవారు. నడిపేది తక్కువ, తుడిచేది ఎక్కువ.

ఆ జులైలో ఊరి పెరేడ్‌కి ముందుకారులో కూర్చునే గౌరవం నోరీన్‌కి దక్కింది. బడి వంటింట్లో ఊరి పిల్లలందరికీ వండిపెట్టిన మనిషి మరి. నీలం గౌను కుట్టించుకుంది. మొగుడి కారులోనే ఎక్కుతానంది. చిక్కల్లా ఒక్కటే. ఆ కారు పెద్దరోడ్డు మీద చల్లగా పరిగెత్తేది, ఊళ్ళో మెల్లగా నడిపితే మాత్రం నీళ్ళు మరిగి పొగలు చిమ్మేది. పెరేడంటే నత్తనడకే కదా!

"రేడియేటర్ చిన్నదిరా," అన్నాడు స్నేహితుడు క్లిఫ్. డెల్బర్ట్ పెద్దది బిగించాడు. మరిగింది. నీళ్ళ పంపు మార్చాడు. మరిగింది.

నోరీన్‌కి ఒళ్ళు మండింది. "ఏవయ్యా, పరిగెడితే చల్లగా ఉంటోంది, నిలబడితే కాగుతోంది. అంటే నిలబడ్డప్పుడు గాలి చాలట్లేదనేగా! ఆ ఫ్యాను ఏం చేస్తున్నట్టు?"

"మెరుస్తోంది."

"మెరవడానికా పెట్టుకున్నావు?"

డెల్బర్ట్ గతుక్కుమన్నాడు. ఫ్యాను చుట్టూ ఒకప్పుడు నల్ల ప్లాస్టిక్ గూడు ఉండేది. అదుంటేనే ఫ్యాను లాగే గాలి మొత్తం రేడియేటర్‌లోంచి వస్తుంది. లేకపోతే పక్కనున్న వేడిగాలినే తిప్పి తిప్పి పోస్తుంది. కొత్త ఫ్యాను తళతళలు నలుగురికీ కనబడాలని ఆ గూడు పీకి పారేసింది తనే! క్లిఫ్ కూడా పీకాడు. అందరూ పీకారు.

"అది మళ్ళీ తగిలిస్తావా? ఫ్యానుకి బకెట్ బోర్లించినట్టుంటుందిరా!" అని సంగతి విన్న క్లిఫ్ విరగబడి నవ్వాడు.

"సరేలే," అంది నోరీన్ చల్లగా. "పెరేడ్‌లో నేను బడి బస్సులో కూర్చుంటా. నా వంట తిన్నవాళ్ళంతా నన్ను అందులోనే చూస్తారు. నువ్వు నీ ఫ్యాను పక్కన కూర్చో."

ఆ మాటకి డెల్బర్ట్ మొహం మాడింది. లేచి పెరట్లోకి నడిచాడు. ఆ పారేసిన గూడు కోళ్ళ పాకలో పడి ఉంది, అందులో ఎర్రపెట్ట గుడ్లు పొదుగుతోంది. చెయ్యి పెడితే పొడిచింది. చివరికి దాన్ని గుడ్లతో సహా, తన మైనంగుడ్డలు దాచుకునే బకెట్లోకి మార్చి, గూడు కడిగి బిగించాడు. పరమ అసహ్యంగా ఉంది.

పెరేడ్ రోజున ఆ అసహ్యమే నడిపించింది. ఇంజను వేడి చూపించే ముల్లు మధ్యలోంచి కదల్లేదు. నీలం గౌనులో నోరీన్ ఊరంతటికీ చెయ్యూపింది. వెనకాల క్లిఫ్ కారు రొట్టెల కొట్టు దగ్గరే భుస్సుమంది. బానెట్ ఎత్తితే ఆ పొగలో వాడి మెరిసే ఫ్యాను ఒక్కడికీ కనబడలేదు.

ఇంటికొచ్చాక డెల్బర్ట్ గూడు విప్పుదామని మెల్లగా స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "ఆదివారం మనవాళ్ళు చూస్తారే..."

"ముట్టుకున్నావో, ఈసారి ఆ కోడిపెట్టని నీ సీట్లో పొదగేస్తా," అంది నోరీన్, గౌను కూడా మార్చుకోకుండా.

ముట్టుకోలేదు. ఈ కథ గుర్తుపెట్టుకోండి. ఎవడైనా బానెట్ ఎత్తి మురిసిపోతూ కనిపిస్తే పక్కన కూర్చుని చెప్పండి. కోడిపెట్ట సంగతి మాత్రం వదిలేయకండి.