మా ఇంటామె

నాకు నోరు పెద్దదని లాల్‌దర్వాజాలో అందరూ అంటారు. అననీ. పాలు అమ్ముకుని బతికినదాన్ని, నోరు లేకపోతే నీళ్లు కలిపావంటూ నలుగురూ నెత్తినెక్కేవాళ్లు. అలాంటి నాకు ఆ సోమవారం వయోవృద్ధుల కేంద్రంలో ఒక చిన్న ప్రశ్నకు నోరు పెగల్లేదు. దాంతో మా ఇంటామెను నా చేతుల్లోంచి తీసుకుపోయేవాళ్లే.

మా ఇంటామె అంటే ఎవరో ముందు చెప్పాలి. జాకెట్లు కుట్టేది. మా పైగదిలో అద్దెకు దిగింది. అప్పటికి నేను పెళ్లి చేసుకోనని అన్నలతో లొల్లి పెట్టుకుని మా అమ్మ దగ్గరే ఉండిపోయాను. ఆమె కొన్నాళ్లు పైగదిలో ఉంది, తర్వాత కిందికి వచ్చేసింది, ఇంక పోలేదు. అమ్మ పోయింది, బర్రెలు పోయాయి, ముప్పయ్యేళ్లకు పైగా మేమిద్దరమే మిగిలాం. ఒక కంచం, ఒక మంచం. తిట్టుకున్నాం, అలిగాం, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరం అన్నం మానేశాం. సంసారమంటే అదే కదా, మాదీ సంసారమే. కాకపోతే ఇద్దరు ఆడవాళ్లు వరస లేకుండా ఒక ఇంట్లో ఉంటే గల్లీకి నిద్రపట్టదు. అందుకని వాళ్లే మమ్మల్ని వదినా మరదళ్లను చేసుకున్నారు. మేం అవుననలేదు, కాదనలేదు.

వానాకాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మూతి వంకరపోయి మాట ముద్దగా వస్తోంది. వ్యాయామం చేయిస్తే కాలు తిరిగి వస్తుందని పెద్దాసుపత్రి వాళ్లు మా దగ్గర్లోని సర్కారు కేంద్రానికి పంపారు. అరవై దాటినవాళ్లకు అక్కడ బీపీ చూస్తారు, మధ్యాహ్నం భోజనం పెడతారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. మంచి చోటు, ఊరికే ఆడిపోసుకోను. రోజూ ఆటోలో తీసుకుపోయేదాన్ని. కాలు ఎలా పట్టాలో, నడుము దగ్గర ఎలా ఆనుకోవాలో నాకు దగ్గరుండి నేర్పారు. ఒకరోజు ఆమె గోడ పట్టుకుని లేచి నిలబడింది. నేను వరండాలోకి వచ్చి ఏడ్చాను.

అంతలో ఎవరో పుణ్యాత్ములు ఒక ముసలాయనను కేంద్రంలో దించి మళ్లీ రాలేదు. దాంతో కొత్త రూలు పెట్టారు. రక్తసంబంధీకులు గానీ కట్టుకున్నవాళ్లు గానీ అయితేనే మనిషిని తేవాలి, తీసుకుపోవాలి, వ్యాయామం గదిలోకి రావాలి. అలాంటి తోడు లేనివాళ్లను రానివ్వరు. రూలు పెట్టగానే స్వీటీని గేటు దగ్గర ఆపేశారు. స్వీటీ హిజ్రా, పురానాపూల్ దగ్గర ఉంటుంది. మోకాళ్లు పట్టేసి కుంటుతూ ఒక్కతే వచ్చింది. ఇంట్లోవాళ్లను తెచ్చుకో అన్నారు. చిన్నప్పుడే వెళ్లగొట్టిన ఇంటి నుంచి ఎవరిని తెచ్చుకుంటుంది? గేటు అవతల బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్లిపోయింది.

తర్వాత నా వంతు వచ్చింది. అందరూ ఆమెను మీ వదిన అంటున్నారు సరే, మరి మీ అన్న ఏడి అని అడిగింది కేంద్రంలో పనిచేసే ఆశ్రిత. ఏ అన్నను చూపించను? ఆ పిల్ల గల్లీలో వాకబు చేసి మహేందర్‌కు ఫోన్ చేసింది. మహేందర్ మా ఇంటామెకు అన్న కొడుకు, జహనుమాలో ఉంటాడు. ఏళ్లయింది మా గడప తొక్కి. చెడ్డవాడేం కాదు. మేనత్త పరాయి ఇంట్లో పడి ఉంటే నలుగురూ ఏమంటారని వాడి బాధ. సోమవారం వచ్చి ఇంటికి తీసుకుపోతానని చెప్పాడట. వాడి ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఒకసారి ఎక్కిస్తే ఆమె మళ్లీ నేల మీద కాలు పెట్టదు, నన్ను చూడదు.

సోమవారం కేంద్రం చూసుకునే పెద్ద మేడం వచ్చింది, పేరు సుశీల. భోజనాల హాల్లోనే ఒక కుర్చీ వేసుకుని కూర్చుంది. ముసలీ ముతకా అంతా బల్లల మీద ఉన్నారు. మా ఇంటామె చక్రాల కుర్చీలో ఉంది, ఒక పక్క నేను, ఇంకో పక్క మహేందర్. ఆమెకు నువ్వేమవుతావని మేడం అడిగింది. కలిసి ఉంటున్నామని చెప్పాను. సరే, ఆమె పేరు చెప్పు అంది.

నోరు తెరిచాను. రాలేదు.

మా తరం ఆడవాళ్లు కట్టుకున్నవాడి పేరు ఎత్తరు. మేమిద్దరం ఆ అలవాటును మొదట నవ్వులాటకు మొదలుపెట్టాం, తర్వాత అదే మాకు పట్టుకుంది. ఆమె నా పేరెత్తదు, నేను ఆమె పేరెత్తను. ఇగో, వింటున్నవా, అంతే. బయటివాళ్ల దగ్గర మా ఇంటామె. ఇప్పుడు అంతమందిలో ఎత్తమంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె బతుకు పోతోందని తెలుసు, అయినా నాలుక తిరగలేదు. మా ఇంటామె మేడం అన్నాను. మేడం మళ్లీ అడిగింది. మళ్లీ అదే అన్నాను.

మహేందర్ అరవలేదు, నెమ్మదిగానే చెప్పాడు. "మా మేనత్త పేరు యశోద, మేడం. పేరు గూడ తెల్వనామె ఇంటి మనిషెట్లయితది?"

మేడం నావైపు జాలిగా చూసింది. ఆ జాలికి నాకు ఒళ్లు మండింది.

అప్పుడు ఆడవాళ్ల బల్ల మీంచి మాణిక్యమ్మ లేచింది. ఆమెకూ నాకూ పడదు. నా పాలల్లో నీళ్లున్నాయని ఒకప్పుడు గల్లీ అంతా చాటిన మనిషి. "మేడం, మా ఆయన పేరేందో నన్ను అడుగుండ్రి" అంది. మేడం విసుగ్గా అడిగింది. మాణిక్యమ్మ మగవాళ్ల బల్ల వైపు చెయ్యి చూపించి, అదిగో ఆ మఫ్లర్ చుట్టుకున్నాయనే అంది. హాలంతా నవ్వింది. ఆమె మొగుడు శివయ్య తల దించుకున్నాడు.

"నలుగురు పిల్లల్ని కన్న, ఒక్కపారి గూడ పేరెత్తలే," అంది మాణిక్యమ్మ. "రేషన్ దుకాణంల అడిగినా ఎత్తలే. గట్లని నేను ఆయనకు ఏం గానా? వదిన పేరైతే అందరం ఎత్తుతం మేడం. కట్టుకున్నోళ్లదే ఎత్తం."

అనేసి నావైపు చూసింది. తనేమన్నదో అప్పుడే తెలిసినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వులు ఆగిపోయాయి. బల్లల మీది ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ముప్పయ్యేళ్లు మేం దాచినది హాలు మధ్యలో పడింది. అప్పుడు మాణిక్యమ్మ కావాలంటే కూర్చోవచ్చు, మాట మార్చవచ్చు. అలాగే నిలబడింది.

మేడం మెత్తబడింది. లొల్లి వద్దు, వదిన అనే రాసుకుంటాను, ఈ వారం వ్యాయామం చేయించు, ఆదివారం మహేందర్ తీసుకుపోతాడు అంది. మంచి మనసుతోనే అంది. తలూపితే అక్కడికి పరువు దక్కేది. కానీ వదిన అని రాస్తే మహేందర్ మాటే పైన. రేపు ఆస్పత్రిలో అయినా, చావులో అయినా నన్ను వాకిట్లో నిలబెడతారు. ఇక ఊరుకోలేకపోయాను.

"వదిన అని రాయకుండ్రి మేడం," అన్నాను. "మీ ఆయన మీకెట్లనో ఆమె నాకు గట్ల. ఇంటోళ్లు అంటే ఎవరో మీరు చెప్పుడేంది? ఆమె నోట చెప్పనియ్యుండ్రి. నాకొక్కదానికే గాదు. స్వీటీ గూడ ఎవరిని తెచ్చుకుంటే వాళ్లను లోపటికి రానియ్యాలె."

రూల్సు పైనుంచి వస్తాయంది మేడం. పైనుంచి వచ్చేదేదైనా ఈ కుర్చీలో కూర్చున్న మనిషి కోసమే కదా, పొద్దున్నించి ఆమెను ఒక్కరైనా ఒక్క మాట అడిగారా అన్నాను. నా గొంతు వీధిదాకా వినబడి ఉంటుంది.

మేడం లేచి వచ్చి కుర్చీ ముందు వంగింది. ఎవరి దగ్గర ఉంటావమ్మా అని అడిగింది. మా ఇంటామె ఎడమచెయ్యి చాపి నా కొంగు పట్టుకుంది. మహేందర్ "అత్తా, మన ఇంటికి పోదాం" అన్నాడు. ఆమె వాడి వైపు ప్రేమగానే చూసింది. కొంగు మాత్రం మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది.

మేడం లేచి నిలబడింది. తర్వాత ఆశ్రితను పిలిచి, ఇక్కడికొచ్చే పెద్దవాళ్లు ఎవరిని చూపిస్తే వాళ్లే ఇంటివాళ్లని, పైకి తానే రాస్తానని, వాళ్లు కాదంటే తానే పోయి కొట్లాడతానని చెప్పింది. స్వీటీని రేపు రమ్మని కబురు పెట్టమంది. మహేందర్ తెచ్చిన బత్తాయిలు అత్త ఒళ్లో పెట్టి, నాతో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. వాడికి ఇది మింగుడుపడడానికి టైము పడుతుంది. పడనీ, నేనెక్కడికీ పోవడం లేదు.

కుర్చీ తోసుకుంటూ వ్యాయామం గది దగ్గరికి వచ్చాను. గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి మాణిక్యమ్మ నిలబడింది, వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. పెళ్లయి కొత్తగా ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు ఆడబిడ్డలు అలాగే అడ్డం నిలబడతారు. ఒకరి పేరు ఒకరు చెప్పేదాకా లోపలికి వదలరు.

"పేర్లు చెప్పి లోపటికి పోండ్రి" అంది. వేళాకోళంగానే మొదలుపెట్టింది, చేతులు మాత్రం తియ్యలేదు.

సిగ్గులేదా, ఈ వయసులో ఇవేం ఆటలని తిట్టబోయాను. కుర్చీలో మా ఇంటామె మొహం ఎర్రబడింది. వంకర మూతిని కూడదీసుకుంది. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి మాట వచ్చింది.

"రుక్మా...బాయి."

ఊళ్లో అందరూ రోజూ అరిచే పేరే. ఆమె నోట ఎన్నడూ వినలేదు. నాకు కళ్లు కనబడలేదు, కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. మాణిక్యమ్మ కదల్లేదు, నా వంతు కోసం చూస్తోంది.

"యశోద" అన్నాను, హాలంతా వినేట్టు.

మాణిక్యమ్మ చేతులు తీసి పక్కకు తప్పుకుంది.